చలికాలం మీద చీలిన ఊరు

పల్నాడు వెళ్ళొచ్చాను. ఈ మాట మా కాకినాడలో ఎవరితో అన్నా, ముందు నా చేతులూ కాళ్ళూ సరిగ్గా ఉన్నాయో లేదో పైనుంచి కిందికి చూస్తున్నారు. అన్నీ ఉన్నాయని తేలాక కాస్త నిరాశపడి, "అయితే ఏం చూసొచ్చారండీ?" అంటున్నారు. బళ్ళు చూసొచ్చానంటే నవ్వుతున్నారు. బడి చూడ్డానికి అంత దూరం పోవాలా, మన వీధి చివర లేదా అని వాళ్ళ ఉద్దేశం. బడి ఎక్కడైనా బడేనని నేనూ మొన్నటిదాకా నమ్మాను. అందులో నా తప్పేమీ లేదు, మా బావమరిది సుబ్రహ్మణ్యం చెప్పాడు.

సుబ్రహ్మణ్యం సిద్ధాంతం

మావాడిది గొప్ప ఉద్యోగం. పాఠం ఎలా చెప్పాలో టీచర్లకి పాఠం చెబుతాడు. పిల్లలున్న గదిలోకి నువ్వు ఆఖరిసారి ఎప్పుడెళ్ళావురా అంటే, "ఎండలు ముదురుతున్నాయి బావా" అంటాడు. వాడి సిద్ధాంతం ప్రకారం ఇచ్ఛాపురం పిల్లాడూ తడ పిల్లాడూ ఒకటే. కాబట్టి టీచరూ ఒకటే, పాఠమూ ఒకటే. ఒకే కొలతకి చొక్కాలు కుట్టించి రాష్ట్రమంతా పంచేస్తే, పట్టనివాళ్ళు పొట్ట తగ్గించుకుంటారు.

ఈ ఏడాది చొక్కా పేరు "జట్టు పోటీ పద్ధతి". తరగతిని రెండు జట్లు చేసి ప్రశ్నలడిగితే, పిల్లలు పౌరుషంతో చదువు జుర్రేసుకుంటారట. ఏసీ హాల్లో టీచర్లనే రెండు జట్లు చేసి ఆడించాడు. గెలిచిన జట్టుకి క్రీము బిస్కెట్లు, ఓడిన జట్టుకి మామూలు బిస్కెట్లు ఇచ్చాడు. ఆ పద్ధతి బళ్ళలో అమలవుతోందో లేదో చూసి రమ్మని పైనుంచి ఉత్తర్వొచ్చింది. వాడి వాటాకి పల్నాడు పడింది. ఆ రోజు నుంచి అన్నం సగమే తినసాగాడు.

మా ఆవిడ నన్ను పిలిచి, "తమ్ముడికి తోడెళ్ళండి, వాడు భయపడుతున్నాడు" అంది.

"మరి నాకు భయం ఉండదా?"

"భయపడాలంటే ముందు కాస్త తెలివుండాలి కదండీ."

అలా నా అర్హత నిర్ధారణై, ఫిబ్రవరి ఆఖర్న బయల్దేరాను.

నరసరావుపేట

దిగగానే టిఫిన్ హోటలు. ఇడ్లీ ప్లేటు ముప్పై రూపాయలు. మా వైపు ఆ ధరకి ఇడ్లీ, రెండు చట్నీలు, సర్వరు కుశల ప్రశ్నలు కలిపి ఇస్తారు. ఇక్కడ కుశల ప్రశ్నల బదులు కారప్పొడి వేస్తారు. అది ఎరుపు కాదు, ఎరుపు దాన్ని చూసి నేర్చుకోవాలి. సర్వరు మా ముందు నిలబడి "ఏంది?" అన్నాడు. సుబ్రహ్మణ్యం హడలిపోయి, "ఏం లేదండి, ఏమీ లేదండి" అంటూ లేవబోయాడు. ఏం కావాలని అడుగుతున్నాడురా అని చెప్పి, చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

మా బల్ల దగ్గరే ఒకాయన పెసరట్టు తింటున్నాడు. ప్రైవేటు కాలేజీలో లెక్కల మాస్టారట. పేటలో మనిషికో కాలేజీ చొప్పున ఉన్నట్టుంది, ఒక్కో గదిలో మా వీధి జనాభా అంతటినీ కూర్చోబెడతారు. తెల్లవారకముందు ఒక బ్యాచి, పొద్దంతా కాలేజీ, సాయంత్రం మరో బ్యాచి. అంతమందినీ నిద్రపోకుండా చూడాలి కాబట్టి ఆయనకో విద్య అబ్బింది. వాక్యం చివరి మాటని సగంలో విరిచి, మన మీదకి వేలు చూపిస్తాడు. మిగతా సగం మనం చెప్పాలి.

"ఇడ్లీలోకి అసలైంది కారప్పొ...?"

"...డి" అన్నాం ఇద్దరం.

"ఆఁ! దాని మీద పోసుకోవాల్సింది నె...?"

"య్యి!" ఈసారి వెనక బల్లల వాళ్ళు కూడా కలిశారు. వాళ్ళ పిల్లలు ఆయన దగ్గర చదువుతున్నారో, వాళ్ళే చదివారో తెలీదు.

పెళ్ళిలో మంగళసూత్రం కట్టేటప్పుడు కూడా ఆయన పురోహితుడికి వేలు చూపించే ఉంటాడని నా అనుమానం. సుబ్రహ్మణ్యం మాత్రం "ఇది మన శిక్షణలో లేని పద్ధతి" అని మొహం చిట్లించాడు. మాస్టారు చెయ్యి కడుక్కొచ్చి నిలబడి, "అన్నీ కలిపి బిల్లు కట్టాల్సింది మీ...?" అన్నాడు.

"...రు" అన్నాడు మావాడు, అలవాటైపోయి. కట్టాడు కూడా.

నడికుడి

ఇది రైల్వే జంక్షను. ఊరు రైళ్ళ మధ్య ఉందో, రైళ్ళు ఊరి మధ్య ఉన్నాయో తేల్చడం కష్టం. మేం వెళ్ళిన బడికి ప్రహరీ గోడ అవతలే పట్టాలు. అక్కడి మాస్టారు పొట్టిగా, ప్రశాంతంగా ఉన్నారు. నీటి పాఠం చెబుతూ "నదులు కొండల్లో పు" అన్నారు. గూడ్సు బండి వచ్చింది. గోడలు, గోడల మీది పటాలు, నా కట్టుడు పన్ను, అన్నీ తలో రాగం అందుకున్నాయి. మాస్టారు నోరు అదే ఆకారంలో ఉంచి నిలబడిపోయారు. పిల్లలు ఎవరూ చెప్పకుండానే పలకలు తీసి, పాత లెక్కలు దిద్దుకోసాగారు. బండికి తోక ఉంటుందన్న ఆశ మాకు పూర్తిగా పోయాక ఆఖరి పెట్టె దాటింది. మాస్టారు "డతాయి" అని వాక్యం పూర్తిచేశారు. పిల్లలు పలకలు కింద పెట్టారు.

సుబ్రహ్మణ్యం "ఉపాధ్యాయుడు మధ్యమధ్యలో మౌనం వహిస్తున్నారు" అన్నాడు, అదొక జబ్బు పేరులా.

మాస్టారి భార్య వాళ్ళింట్లో మాకు టీ పోస్తూ తన గోడు చెప్పుకుంది. "ఇంట్లోనూ అంతే అన్నయ్యగారూ. మొన్న మా అమ్మాయి వాళ్ళ ఊరెళ్ళాం. ఆడ రైలూ లేదు, మోతా లేదు. ఈయన మాట మొదలెట్టి ఆపలేకపోయాడు. బండి వస్తేగా ఆపడానికి! అల్లుడు దండం పెట్టి మేడ మీదకి పోయి పడుకున్నాడు."

గురజాల

ఇక్కడ రాయి చవక. ఇంటి ముందు అరుగు, వెనక దొడ్డి, మధ్యలో బతుకు, అన్నీ నాపబండల మీదే. బడిలోనూ నేలంతా నల్లటి బండలే. ఒక్కో పిల్లకి ఒక్కో బండ, దాని మీదే అక్షరాలు, దాని మీదే బొమ్మలు. సాయంత్రం తడిగుడ్డతో తుడిస్తే మర్నాటికి కొత్త పుస్తకం. సుబ్రహ్మణ్యం ఇది చూడకుండానే సంచీలోంచి, కొత్త పథకం కింద వచ్చిన "నేల బోర్డు" తీశాడు. నల్లటి ప్లాస్టిక్ పట్టా అది. పరవబోతుంటే రెండో తరగతి పిల్ల ఒకతి నడుం మీద చెయ్యేసుకుని, "ఏంది సార్, నా బండ మీద కాలేశావు? తియ్యి" అంది.

మావాడు జీవితంలో మొదటిసారి ఒక పిల్లకి క్షమాపణ చెప్పాడు. అక్కడి టీచరు పట్టా అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా మర్యాదగా, "బాగుంది సార్. వానొస్తే కళ్ళంలో మిరపకాయల మీద కప్పుకోవచ్చు. ఇంకోటుందా?" అన్నాడు.

రెంటచింతల

సూర్యుడు మిగతా రాష్ట్రానికి ఉద్యోగం మీద వెళ్తాడు, రెంటచింతలలో కాపురం ఉంటాడు. ఫిబ్రవరికే గొడుగులో చిల్లులు పడుతున్నాయి. దారి పొడవునా కళ్ళాల్లో మిరపకాయలు పరిచి ఉంటే, బస్సులో అందరూ హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు, మేమిద్దరమే తుమ్ముతూ ఏడుస్తూ వెళ్ళాం. పక్క సీటు ముసలాయన జాలిపడి, "ఎవురు పోయారు నాయనా?" అని అడిగాడు.

మేం చూడాల్సిన టీచరు జోజమ్మగారిది ఈ ఊరే. ఇల్లు చర్చి పక్క సందులో ఉంది. ఆవిడ పనిచేసేది ఇంకాస్త లోపలున్న పల్లెలో. ఆ ఊరి పేరు నేను చెప్పను. చెబితే రెండు వర్గాలు వస్తాయి, మా ఊరి పేరే ఎందుకు రాశావని ఒకటి, ముందు వాళ్ళ బజారు పేరెందుకు రాశావని ఇంకొకటి.

ఆ రాత్రి భోజనం వాళ్ళింట్లోనే. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు, పండుమిరపకాయ పచ్చడి. పచ్చడి నాలిక మీద పెట్టుకోగానే నాకు చిన్నప్పుడు మర్చిపోయిన ఎక్కాలన్నీ గుర్తొచ్చాయి. జోజమ్మగారు మజ్జిగ చెంబు నా ముందుకి తోసి, సుబ్రహ్మణ్యంతో అసలు సంగతి ఎత్తింది.

"సార్, రేపు మా బళ్ళో పోటీ పెట్టిచ్చండి. కాదనను. కానీ రెండు జట్లు మాత్రం చేయబాకండి. మూడు చేద్దాం."

"పద్ధతి ప్రకారం రెండేనండి."

"మా ఊళ్ళో రెండు గీతలు గీస్తే, సందు చూసుకుని ఊరు ఊరంతా వచ్చి అందులో నిలబడిద్ది సార్. మూడు గీస్తే ఎవురికి ఎవురు ఎదురో తెలవక తికమకపడి ఊరుకుంటారు."

ఆ ఊళ్ళో తూర్పు బజారు, పడమటి బజారు అని రెండు వర్గాలు. తూర్పుకి పెద్ద కోటయ్య, పడమరకి పెద్ద వీరయ్య. ఇద్దరూ మాట్లాడుకోక ఎన్నేళ్ళయిందో వాళ్ళ మనవలకి కూడా తెలీదు. తప్పనిసరై ఒకే చోట తారసపడితే, ఒకాయన గోడతో చెబుతాడు, రెండో ఆయన గోడకి జవాబిస్తాడు. బడి పడమటి బజార్లో ఉంది. అందుకని తూర్పు వాళ్ళు పిల్లల్ని గురజాలలో ప్రైవేటు స్కూలుకి ఆటోలో పంపుకునేవాళ్ళు. జోజమ్మగారు మూడేళ్ళపాటు తూర్పు బజారు అరుగులన్నీ ఎక్కి దిగి, కిందటి జూన్‌లో పిల్లల్ని ఈ బళ్ళో వేయించింది. కోటయ్య ఒకే షరతు పెట్టాడు. మా పిల్లలకి చిన్నతనం జరిగిన రోజే తీసేస్తాం.

"వాళ్ళు పోతే పిల్లలు సగమైపోతారు సార్. మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని పక్కూరికి మార్చేస్తారు. అంత దూరం ఆడపిల్లల్ని ఎవురు పంపుతారు? మిరపకోతకి పంపుతారు."

అందుకని ఆవిడ బళ్ళో అన్నీ మూడే. అన్నం వడ్డన వరస మధ్యలోంచి మొదలుపెడుతుంది. లెక్కల పుస్తకంలో రాము దగ్గర ఇన్ని మామిడిపళ్ళు, సోము దగ్గర ఇన్ని, ఎవరి దగ్గర ఎక్కువ అని ఉంటే, ఈవిడ మధ్యలో భీమూని కూడా ప్రవేశపెడుతుంది. ఎందుకని అడిగాను.

"రాము, సోము ఇద్దరే ఉంటే, సోముది ఏ బజారని అడుగుతారన్నా మా పిల్లకాయలు" అంది.

నేను పడీ పడీ నవ్వాను. సుబ్రహ్మణ్యం నవ్వలేదు. "పిల్లలు ఎక్కడైనా పిల్లలేనమ్మా" అన్నాడు, మజ్జిగ తాగిన మీసంతో.

పేరు చెప్పని ఊరు

మర్నాడు పొద్దున్నే బడికి చేరాం. నాలుగూ అయిదూ తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి ఉంచారు. తూర్పు పిల్ల పక్కన పడమటి పిల్లాడు, వాడి పక్కన మళ్ళీ తూర్పు, అంతా పోపు గింజల్లా కలిసిపోయి ఉన్నారు. మావాడు చేతులు చరిచి, "పిల్లలూ, ఇప్పుడు మనం రెండు జట్లుగా ఏర్పడదాం. కిటికీ వైపు ఒకటి, తలుపు వైపు ఒకటి" అన్నాడు.

జోజమ్మగారు కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అయిపోయింది. "రెండు" అన్న మాట చెవిన పడగానే పిల్లలు సంచులు చంకలో పెట్టుకుని లేచి, అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు దూకి, తూర్పు అంతా కిటికీ దగ్గరా పడమరంతా తలుపు దగ్గరా చేరిపోయారు. సైన్యంలో కూడా అంత తొందరగా బారులు తీరరు.

"చూశావా బావా, ఎంత చురుగ్గా జట్లు కట్టారో!" అని మావాడు మురిసిపోయాడు.

కిటికీ జట్టు నాయకుడు కోటయ్య మనవడు బాలకోటి. తలుపు జట్టు నాయకురాలు వీరయ్య మనవరాలు పార్వతి. ప్రశ్నలు సాగాయి. పిల్లలు కూర్చుని చెప్పడం మానేసి నిలబడ్డారు, తర్వాత బెంచీల మీదకెక్కారు. చివరికి సమానంగా వచ్చి ఆగారు. ఆఖరి ప్రశ్న. సుబ్రహ్మణ్యం చీటీ విప్పి, "మనకి చలికాలం ఎన్ని నెలలు?" అని చదివాడు.

బాలకోటి చెయ్యి ముందు లేచింది. "మనకి చలికాలం రాదు సార్."

"తప్పు."

"నాలుగు నెలలు సార్" అంది పార్వతి.

"ఒప్పు! తలుపు జట్టు గెలిచింది!"

బాలకోటి ఎర్రబడి, "యాడొచ్చింది సార్ చలికాలం? మీరు చూశారా? ఏమే పార్వతీ, నువ్వు దుప్పటి కప్పుకున్నావా ఈ సంవత్సరం?" అన్నాడు.

"కప్పుకున్నా!"

"దోమలకి కప్పుకున్నావే!"

బెంచీలు కదిలాయి. జోజమ్మగారు అన్నం గంట కొట్టించేసింది, వేళ కాకముందే.

మధ్యాహ్నం తర్వాత

వార్త ఊళ్ళోకి ఎలా వెళ్ళిందో నాకు తెలీదు. పిల్లలు కంచాలు కడిగేలోగా ఊరు చీలిపోయింది. చలికాలం ఉందని పడమటి బజారు, లేదని తూర్పు బజారు. పడమటి బజారు నుంచి ఒక అవ్వ మిట్టమధ్యాహ్నం మంకీ క్యాపు పెట్టుకుని, శాలువా కప్పుకుని, చెమటలు కక్కుతూ వచ్చి, "ఎవురయ్యా చలి లేదంది? నేను ఒణికి చచ్చా" అని బడి ముందు కూర్చుంది. తూర్పు బజారు మగాళ్ళు చొక్కాలు విప్పి భుజాన వేసుకుని, బడి ముందు నుంచి అటొకసారి ఇటొకసారి హాయిగా నడిచారు. నేను చలికాలాన్ని స్వెట్టరుతో కొలిచేవాణ్ణి, ఓట్లతో తేల్చొచ్చని అప్పుడే తెలిసింది.

ముందు కోటయ్య వచ్చాడు. తెల్ల మీసం, చేతిలో కర్ర. "టీచరమ్మా, ఉన్నమాట చెప్పినోడు ఓడాడంట, లేనిమాట చెప్పింది గెలిచిందంట. ఇదేంది న్యాయం?"

ఆ వెనకే వీరయ్య దిగాడు. ఆయనకి మీసం లేదు కానీ గొంతు ఉంది. గోడవైపు తిరిగి, "పుస్తకంలో నాలుగు నెలలని అచ్చేసుంటే లేనిమాట ఎట్టా అయిద్ది? చదువుకున్నోళ్ళకి తెలిసిద్ది" అన్నాడు.

కోటయ్య అదే గోడతో, "చదువొద్దు, చర్మం ఉంటే చాలు" అన్నాడు.

సుబ్రహ్మణ్యం ధైర్యం కూడగట్టుకుని మధ్యలోకి వెళ్ళాడు. "పెద్దలు శాంతించాలి. ఇద్దరిదీ ఒప్పేనని రాసేస్తానండి. సమానం."

అంతవరకు గోడని చూస్తున్న ఇద్దరూ వాడిని చూశారు. "సమానమంటే ఏంది? సగం చలికాలమా?" అన్నాడు కోటయ్య. వాడు వెనక్కి నడిచి నా వీపు వెనక సర్దుకున్నాడు. నా వీపు వెడల్పు మీద వాడికి ఎప్పుడూ నమ్మకమే.

కోటయ్య కర్ర నేలకి తాటించి, "పిల్లకాయలకి చిన్నతనం జరిగింది. రేపట్నించి మా బజారు పిల్లలు రారమ్మా" అన్నాడు.

బాలకోటి సంచీ సర్దుకోవడం మానేసి తాత వంక చూశాడు. నేను పుట్టినప్పట్నించీ ప్రతి విషయానికీ ఏదో ఒక చమత్కారం తగిలిస్తూ బతికినవాణ్ణి. ఆ కాసేపు గొడుగు విప్పి, మళ్ళీ మడిచాను.

జోజమ్మగారు మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుంది. "పోతే పోదురుగాని బాబాయ్. కానీ పోటీ ఇంకా అవలేదు. మూడో జట్టు ఆడలేదుగా."

"మూడో జట్టెవురు?"

"పెద్దోళ్ళు. నువ్వు, వీరయ్య మావయ్య. ఆ బెంచీ మీద కూచోండి, పిల్లలు అడుగుతారు. నాలుగో తరగతి ప్రశ్నలే." కాస్త ఆగి, "భయమైతే వద్దులే" అంది.

ఈ ఆఖరి మాట మా వైపు అంటే, "అవునండి, కాస్త భయంగానే ఉందండి" అని తప్పుకుంటాం. పల్నాడులో అది అన్నాక కూర్చోనివాడు ఇంటికి ఏ మొహంతో వెళ్తాడు? ఇద్దరూ కూర్చున్నారు. పిల్లల బెంచీ కావడంతో మోకాళ్ళు గడ్డాలకి తగిలాయి. మధ్యలో ఒక ఎద్దు పట్టేంత ఖాళీ వదిలారు. బాలకోటీ పార్వతీ ఒకే పుస్తకం మీదకి వంగారు, అడిగే హక్కు తమదని పెనుగులాడుకుని చివరికి కలిసే చదివారు.

"మొక్కలో ఆహారం తయారయ్యేది యాడ?"

వీరయ్య గోడకేసి నవ్వాడు. మిరపతోటల్లోనే తల నెరిసిన మనిషి. "వేరు" అన్నాడు.

కోటయ్య ఎదురు చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి, "వేరేగా మరి!" అని వచ్చింది. వచ్చాక ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"ఆకూ...!" అని గది అంతా ఒక్కటై అరిచింది. కిటికీ వైపూ, తలుపు వైపూ.

"ఆకేంది? ఎరువు యాడేస్తాం? ఆకు మీదా?" అన్నాడు వీరయ్య.

"నీళ్ళు యాడ పెడతాం?" అన్నాడు కోటయ్య.

"ఎరువు కూరలో ఉప్పులాంటిది తాతా, వండేది మాత్రం ఆకే" అంది పార్వతి. "ఎండ పొయ్యి!" అన్నాడు బాలకోటి. ఆ ఊళ్ళో పొయ్యికి లోటేముంది.

తర్వాతి ప్రశ్నకీ ఓడారు, ఆ తర్వాతిదానికీ ఓడారు. ఓడే కొద్దీ బెంచీ మీద ఎద్దు పట్టే ఖాళీ దూడ పట్టేంత అయింది. చివరికి కోటయ్య లేచి, "ఈ పుస్తకం రాసినోడు ఎప్పుడన్నా తోట పెట్టాడా అమ్మా?" అన్నాడు. వీరయ్య, "అడగాల్సిన మాటే" అని గోడకి చెప్పాడు. ఇద్దరూ చెరో దిక్కుకి విసవిసా వెళ్ళిపోయారు. రేపు పిల్లలొస్తారో రారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం జోజమ్మగారింట్లో కోడి లేదు, పప్పే. ఆవిడ కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టింది. సుబ్రహ్మణ్యం పండుమిరపకాయ పచ్చడి గరిటెడు వేయించుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాడు. కారానికేలే అనుకున్నాను.

"మూడు చేసుండాల్సిందమ్మా" అన్నాడు చివర్న.

"ముందు అన్నం తినండి సార్" అంది ఆవిడ.

మర్నాడు

ఆ పూట మేం మాచర్ల వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. ముగ్గురం బడికే పోయాం. గంట కొట్టారు. పెద్ద తరగతుల పిల్లలు ఒక్కరూ రాలేదు. తూర్పు బజారు రాదని భయపడ్డాం, పడమటి బజారు కూడా రాలేదు. మూడో తరగతి లోపు పొట్టి పిల్లలు మాత్రం వచ్చి, పెద్ద గదిలో బెంచీలన్నీ మాకేనని గంతులేస్తున్నారు. జోజమ్మగారు గేటు పట్టుకుని నిలబడింది. నేను ఏదో హాస్యమాడబోయాను, ఆవిడ మొహం చూసి మింగేశాను. రెండోసారి గంట కొట్టించింది. ఎండ అప్పుడే పని మొదలెట్టింది.

అప్పుడొచ్చారు. తూర్పు బజారు మలుపులోంచి, రెండు బజార్ల పిల్లలూ ఒకే గుంపుగా, అరుచుకుంటూ, దుమ్ము లేపుకుంటూ. వాళ్ళ వెనక కోటయ్య, ఆయన పక్కన వీరయ్య. వీరయ్య చంకలో నాలుగో తరగతి పుస్తకం.

"టీచర్, మా తప్పు కాదు" అన్నాడు బాలకోటి రొప్పుతూ. "తాతోళ్ళు మా అరుగు మీద కూచోబెట్టి పుస్తకం చదివిచ్చుకున్నారు. పార్వతోళ్ళని కూడా లేపుకొచ్చారు. ఆకు పాఠం అయ్యేదాకా వదల్లేదు."

"మళ్ళీ అడగమ్మా" అన్నాడు కోటయ్య. "ఇవాళ మా జట్టుని అడిగి చూడు."

ఆ "మా జట్టు" అన్న మాట విని జోజమ్మగారు గేటు వదిలింది. చేతిలో దాని తుప్పు అంటుకుంది. ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. దాన్ని కొంగుకి తుడుచుకుంది.

"బడి ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి టీచర్" అన్నారు పిల్లలు.

"ఆలస్యమైనోళ్ళు యాడ నిలబడాల?"

పిల్లలు చకచకా వెళ్ళి గది బయట గోడకి ఆనుకుని బారుగా నిలబడ్డారు. పెద్దవాళ్ళిద్దరూ అది చూసి ముసిముసిగా నవ్వుకుంటున్నారు.

"మీకు మళ్ళీ చెప్పాలా?" అంది.

నవ్వు ఆగిపోయింది. కోటయ్య వెళ్ళి పిల్లల వరస చివర నిలబడ్డాడు. ఆయన పక్కన వీరయ్య. జోజమ్మగారు గదిలోకి వెళ్ళి, బోర్డు వైపు తిరిగి చాక్‌పీసు పట్టుకుంది. ఏమీ రాయలేదు. సుబ్రహ్మణ్యం ఏమీ అడగకుండా, తను కూడా వెళ్ళి ఆ వరసలో నిలబడ్డాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదు.

బయట కోటయ్య ఉన్నట్టుండి, గోడతో కాదు, పక్క మనిషి మొహంలోకి చూసి, "తెల్లారగట్ల రమ్మని కబురంపితే వచ్చి, కాఫీ దగ్గరే అంతసేపు కూచున్నావు. అందుకే ఇట్టా అయింది" అన్నాడు.

"నువ్వు పోసింది కాఫీయా? నోరు కాలింది. ఊదుకోబట్టే ఆలస్యం" అన్నాడు వీరయ్య.

"ఊదుకుని రెండో గ్లాసు ఎందుకు అడిగావు మరి?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పడమటి బజారు పెద్ద తూర్పు బజారు అరుగు మీద రెండు గ్లాసుల కాఫీ తాగాడన్న వార్త, ఊళ్ళోకి పరిగెత్తడానికి కాళ్ళు వెతుక్కుంటోంది.

"మాట్లాడబాకండి" అంది జోజమ్మగారు, ఇటు తిరక్కుండానే.

వాళ్ళు ఆపలేదు. ఆవిడ మళ్ళీ చెప్పలేదు.